కచ్రా ఏది, అమానత్ ఏది? డిస్క్ సఫాయికి ఒక చిన్న తారీఖ్

రంజాన్ చాంద్ కనపడటానికి వారం పది రోజుల ముందే మన ఇళ్లల్లో సఫాయి మొదలవుతుంది. అటక మీది పెట్టెలు కిందికి దిగుతాయి. అల్మారీలు ఖాళీ అవుతాయి. పరుపులు ఎండలో పడతాయి. రద్దీ కాగితాలు ఒక పక్క, పాత బట్టలు ఒక పక్క, విరిగిన సామాన్లు ఒక పక్క. కబాడీవాలా బండి గల్లీలోకి రాగానే తూకం వేయించి ఇచ్చేస్తారు. అయితే ఒక సంగతి గమనించే ఉంటారు. మన అమ్మీలు, నానీలు రద్దీ కట్ట అప్పగించే ముందు ఒక్కో కాగజ్ తిప్పి చూస్తారు. మధ్యలో రేషన్ కార్డు ఇరుక్కుందేమో, ఎవరి నికాహ్‌నామా అయినా పడిందేమో, ఉర్దూ హరఫ్‌లున్న వరఖ్ ఏదైనా కాళ్ల కిందికి పోతుందేమో అని. అదంతా అయ్యాకే తాడు కడతారు.

కంప్యూటర్ సఫాయి దగ్గరికొచ్చేసరికి ఈ సలీఖా ఎక్కడికి పోతుందో తెలియదు. సీ డ్రైవ్ గీత ఎర్రబడుతుంది. జగా అయిపోయిందని కింద మూలన ఒక చీటీ కనపడుతుంది. పిల్లల ఆన్‌లైన్ ఫారం నింపే గడువు ఆ రోజే ఉంటుంది. జల్దీలో ఎవరో ఒకరు కూర్చుని కనపడ్డదల్లా డిలీట్ కొడతారు. లేదా మోహల్లాలోని రిపేర్ దుకాణానికి పట్టుకుపోతారు. అతను "ఫార్మాట్ కొడితే కొత్తదానిలా అవుతుంది" అంటాడు. అవుతుంది కూడా. కానీ చనిపోయిన దాదా గొంతుతో రికార్డు చేసుకున్న పావు గంట కూడా ఆ కొత్తదనంలోనే పోతుంది.

డిస్క్ ఖాళీ చేసే చిట్కాలు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను తారీఖ్ వైపు నుంచి వస్తాను. ఎందుకంటే డిస్క్ మీద జగా కోసం మనిషి పడుతున్న తక్లీఫ్‌కు ఇప్పటికి 70 ఏళ్ల వయసుంది. ఆ 70 ఏళ్లలో ప్రతి మలుపు దగ్గరా ఒకే సవాల్ నిలబడింది: ఏది కచ్రా, ఏది అమానత్, ఆ ఫైసలా ఎవరు చేయాలి? ఈ ఖిస్సాలు తెలిస్తే ఏ బటన్ నొక్కాలో, ఏది నొక్కకూడదో మనకే అర్థమవుతుంది.

హార్డ్ డిస్క్ కహానీ 1956లో షురూ అవుతుంది. అమెరికాలో కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఐబీఎం కంపెనీ ఇంజినీర్లు రామాక్ అనే యంత్రం కోసం మొదటి డిస్క్ తయారు చేశారు. రెండడుగుల వెడల్పున్న పళ్లేలు 50, ఒకదాని మీద ఒకటి గుచ్చి నిలబెట్టారు. మొత్తం సామాను బరువు టన్ను దాటింది. ఇంత చేస్తే అందులో పట్టింది 50 లక్షల అక్షరాలు. ఇవాళ మన ఫోన్‌తో తీసిన ఒక్క మంచి ఫోటోకి ఆ జగా చాలకపోవచ్చు. యంత్రం మొత్తానికి కిరాయి నెలకు 3,200 డాలర్లు. అంత మహెంగీ జగాలో పనికిరానిది పెట్టుకునే ముచ్చటే లేదు. ప్రతి అక్షరానికీ హిసాబ్ ఉండేది.

1980లో, తర్వాత సీగేట్ అనే పేరు పెట్టుకున్న కంపెనీ, బల్ల మీద పట్టే చిన్న కంప్యూటర్ల కోసం 5 మెగాబైట్ల డిస్క్ తెచ్చింది. ధర 1,500 డాలర్లు. 1983లో ఐబీఎం పీసీ ఎక్స్‌టీ 10 మెగాబైట్ల డిస్క్‌తో వచ్చింది. అప్పటినుంచి డిస్క్ అనేది దఫ్తర్ల నుంచి ఇళ్లలోకి నడిచొచ్చింది. ఇంట్లోకి వచ్చిందంటే ఇంటి కథలు, ఇంటి గల్తీలు కూడా దాని మీదికి వచ్చినట్టే.

ఇక్కడ అసలు రాజ్ ఒకటి చెప్పాలి. డిలీట్ అంటే చెరిపేయడం అనుకుంటాం. డాస్ జమానాలో అది అబద్ధం. డిస్క్ మీద ప్రతి ఫైల్ పేరూ ఒక ఫెహ్‌రిస్త్‌లో ఉంటుంది. ఫలానా ఫైల్ ఫలానా గదుల్లో ఉంది అని. డిలీట్ కొడితే డాస్ ఆ గదుల్లోకి వెళ్లి ఏమీ తుడవదు. ఫెహ్‌రిస్త్‌లో ఆ పేరు మొదటి అక్షరం మీద ఒక నిషానీ పెట్టి, గదులు ఖాళీ అని రాసుకుంటుంది, అంతే. లోపలి సామాను అట్లాగే ఉంటుంది, కొత్త కిరాయిదార్ వచ్చి దాని మీద తన సామాను పెట్టేదాకా. ఈ సంగతి పట్టుకున్నవాడు పీటర్ నార్టన్. 1982లో ఆయన తెచ్చిన అన్‌ఎరేజ్ అనే ప్రోగ్రాం పోయిన ఫైళ్లను వెనక్కి తెచ్చింది. 1991లో డాస్ 5 వచ్చినప్పుడు మైక్రోసాఫ్ట్ కూడా అన్‌డిలీట్ అనే హుకుం ఇచ్చింది. అది పోయిన ఫైల్ దొరకబట్టి మనల్ని ఒక్కటే అడిగేది: పేరులో మొదటి అక్షరం ఏమిటి? మిగతా పేరంతా భద్రంగానే ఉండేది, ఆ ఒక్క అక్షరమే మాసిపోయేది.

అందుకే పాత రకం తిరిగే డిస్క్‌లో జరూరీ ఫైల్ పోయిందని తెలిసిన క్షణం ఆ కంప్యూటర్ వాడటం ఆపేయమంటారు. కొత్త ఫైల్ రాస్తే అది ఆ గదుల్లోకే పోవచ్చు. వెనక్కి తెచ్చే ప్రోగ్రాంను కూడా అదే డిస్క్ మీద వేయకూడదు. తెచ్చిన ఫైళ్లను వేరే డిస్క్ మీద పెట్టాలి. ఇప్పటి ఎస్ఎస్‌డీల సంగతి వేరు. 2009లో వచ్చిన విండోస్ 7 నుంచి ట్రిమ్ అనే ఇంతెజాం ఉంది. డిలీట్ కాగానే ఆ గదులు ఇక అక్కర్లేదని విండోస్ డిస్క్‌కు ఖబర్ పంపుతుంది. డిస్క్ తన ఫుర్సత్ చూసుకుని వాటిని నిజంగానే ఊడ్చేస్తుంది. రఫ్తార్ పెరిగింది, కానీ వెనక్కి వచ్చే దారి దాదాపు మూసుకుపోయింది. "పోతే ఎవరైనా తీసిస్తారులే" అనే పాత భరోసా కొత్త లాప్‌టాప్‌ల దగ్గర పనికిరాదు.

మనిషి గల్తీ చేస్తాడని ఒప్పుకుని ఇంతెజాం చేసినవాళ్లలో ఆపిల్ వాళ్లు ముందున్నారు. 1983లో వచ్చిన లీసా కంప్యూటర్ తెర మీద చెత్తబుట్ట బొమ్మ ఉంది. 1984లో మాకింటోష్‌తో అది అందరికీ తెలిసింది. 1995 ఆగస్టులో విండోస్ 95 వచ్చినప్పుడు రీసైకిల్ బిన్ వచ్చింది. పారేసింది వెంటనే పోదు, బుట్టలో ఉంటుంది, కావాలంటే తీసుకోవచ్చు. ఎంత మంచి ఖయాల్! కానీ దీనికి మూడు షరతులున్నాయి, చాలామందికి తెలియవు. ఒకటి, బుట్టలో ఉన్నంతసేపు జగా ఖాళీ కాదు. వంద ఫైళ్లు డిలీట్ కొట్టి "ఏమీ పెరగలేదే" అని పరేషాన్ అయ్యేవాళ్లు ఇందుకే. రెండు, పెన్‌డ్రైవ్ మీద డిలీట్ చేస్తే మామూలుగా బుట్టలోకి రాదు, సీదా పోతుంది. మూడు, షిఫ్ట్ మీట పట్టుకుని డిలీట్ నొక్కితే బుట్ట మాటే లేదు. షాదీ వీడియోలు పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని తిరిగే మన ఇళ్లల్లో రెండో షరతు మరీ యాద్ పెట్టుకోవాలి.

ఇక జగా చాలక మనుషులు పడ్డ తిప్పల్లో ఒకటి చెప్తాను. 1990ల మొదట్లో డిస్క్‌లు ఇంకా ఖరీదే, ప్రోగ్రాంలు మాత్రం ఉబ్బుతున్నాయి. 1993లో మైక్రోసాఫ్ట్ డాస్ 6లో డబుల్‌స్పేస్ అనే హికమత్ తెచ్చింది. ఫైళ్లను నొక్కిపట్టి, ఉన్న డిస్క్‌లోనే దాదాపు రెండింతలు పట్టిస్తానంది. జనం సంతోషంగా వేసుకున్నారు. కొన్నాళ్లకే ఫైళ్లు పాడయ్యాయని, పోయాయని షికాయత్‌లు మొదలయ్యాయి. అన్ని ఫైళ్లనూ నొక్కి ఒకే పెద్ద ఫైల్ లోపల దాస్తుంది కాబట్టి, ఆ ఒక్కదానికి దెబ్బ తగిలితే లోపలున్న అందరికీ తగులుతుంది. అదే ఏడాది వచ్చిన 6.2లో డిస్క్‌ను ముందుగా పరీక్షించే స్కాన్‌డిస్క్ చేర్చి మరమ్మత్ చేశారు. ఈలోపు స్టాక్ అనే చిన్న కంపెనీ ఆ హికమత్ తమదని అదాలత్‌కు వెళ్లింది. 1994లో జ్యూరీ స్టాక్‌కు 12 కోట్ల డాలర్లు ఇవ్వమంది. డబుల్‌స్పేస్‌ను డాస్ నుంచి తీసేయాల్సి వచ్చింది. కొత్త జగా కొనకుండా ఉన్న జగానే పెంచుతానని వచ్చే ప్రతి వాదా దగ్గరా ఈ ఖిస్సా గుర్తు చేసుకోవడం మంచిది.

విండోస్ 98తో డిస్క్ క్లీనప్ వచ్చింది. ఇంట్లో కూర్చున్న మామూలు మనిషికి, ఇవిగో వీటిని పారేయొచ్చు అని కంప్యూటరే ఒక జాబితా చూపించడం అప్పుడే షురూ. తాత్కాలిక ఫైళ్లు, ఇంటర్నెట్ నుంచి దిగి మిగిలిపోయినవి, రీసైకిల్ బిన్‌లోవి. ఇక్కడే మన సవాల్‌కు యంత్రం ఇచ్చే జవాబు తెలుస్తుంది. అది దేన్ని చూసి కచ్రా అంటుంది? ఫైల్ ఏ ఫోల్డర్‌లో ఉంది, ఎన్ని రోజుల నుంచి ఎవరూ ముట్టుకోలేదు, ఎంత పెద్దది. అంతకు మించి దానికి తెలియదు. పదేళ్లుగా ఎవరూ తెరవని ఫైల్ అంటే దాని లెక్కలో పాతది. మన లెక్కలో అది మర్హూమ్ ఫుప్పూ చివరి ఈద్ ఫోటో కావచ్చు.

ఇదే 1998లో కంప్యూటర్ల మీద తలపండినవాళ్ల దగ్గర జరిగిన ఒక వాఖియా వినండి. పిక్సార్ సంస్థ టాయ్ స్టోరీ 2 అనే పిల్లల సినిమా తీస్తోంది. ఎవరో సర్వర్ మీద ఒక డిలీట్ హుకుం తప్పు చోట ఇచ్చారు. కళ్ల ముందే బొమ్మలు, దృశ్యాలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. సినిమాలో అత్యధిక భాగం పోయింది. బ్యాకప్ ఉంది కదా అని ధైర్యంగా వెళ్లి చూస్తే అది చాలా రోజులుగా సరిగ్గా పని చేయడం లేదు. అప్పుడు గేలిన్ సుస్మన్ అనే ఆమెకు గుర్తొచ్చింది. చిన్న బిడ్డ తల్లిగా ఇంటి నుంచి పని చేస్తున్న ఆమె ఇంటి కంప్యూటర్‌లో ఒక నకలు ఉంది. కారులో వెళ్లి, ఆ కంప్యూటర్‌ను దుప్పట్లలో చుట్టి, పసిపిల్లను తెచ్చినట్టు జాగ్రత్తగా తెచ్చారు. అంత పెద్ద సంస్థ మెహనత్‌ను కాపాడింది ఒక తల్లి ఇంటి కంప్యూటర్. ఇందులో రెండు సబఖ్‌లున్నాయి. నకలు మరో ఇంట్లో ఉండాలి. నకలు ఉందని నమ్మడం చాలదు, తెరిచి చూడాలి.

తర్వాతి కాలంలో కచ్రా తయారు చేసేవాళ్లలో విండోస్ కూడా చేరింది. విస్టా రోజుల నుంచి విండోస్ ఫోల్డర్‌లో విన్‌ఎస్ఎక్స్ఎస్ అనే ఒక ఫోల్డర్ ఉబ్బుతూ కనపడేది. అప్‌డేట్ వచ్చినప్పుడల్లా పాత ముక్కలు కూడా దాచుకుంటుంది, వెనక్కి పోవాల్సి వస్తే పనికొస్తాయని. దాన్ని చూసి గాబరాపడి చేత్తో డిలీట్ చేసినవాళ్ల విండోస్ మళ్లీ లేవలేదు. నిజానికి అందులో కనపడే సైజు కూడా పూర్తి నిజం కాదు. ఒకే ఫైల్‌కు రెండు చోట్ల రెండు పేర్లుండి రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. విండోస్ 7 వాడేవాళ్లకు 2013 అక్టోబర్‌లో డిస్క్ క్లీనప్‌లోనే అప్‌డేట్ల పాత ముక్కలు తీసే టిక్ ఇచ్చారు. చేత్తో కాదు, ఆ టిక్‌తోనే తీయాలి. విండోస్ ఫోల్డర్ లోపల, ప్రోగ్రాం ఫైల్స్ లోపల మనం చేత్తో తీయాల్సింది ఏదీ లేదు. ఇది ఖాయిదా అనుకోండి.

ఈ పరేషానీని చూసి సఫాయి ప్రోగ్రాంల బజార్ పెరిగింది. ఒక్క బటన్‌తో మొత్తం ఊడ్చేస్తామని వాదాలు. వాటిలో బాగా పేరున్నది సీక్లీనర్. 2017 ఆగస్టులో దాని 5.33 వెర్షన్‌లోకి హ్యాకర్లు చొరబడి, కంపెనీ ఇచ్చే అసలు ఫైల్‌లోనే జహర్ కలిపారు. సెప్టెంబర్‌లో సంగతి బయటపడేసరికి దాదాపు 22 లక్షల 70 వేల కంప్యూటర్లలోకి అది చేరింది. వాళ్లంతా దొంగ సైట్ నుంచి కాదు, అసలు దుకాణం నుంచే తెచ్చుకున్నారు. ఇంటి తాళాలన్నీ సఫాయివాడి చేతికి ఇచ్చే ముందు ఇది తలచుకోవాలి. విండోస్‌లో ఉన్న సాధనాలే ఇంటి కంప్యూటర్‌కు చాలు.

అయితే విండోస్ సొంత సఫాయి కూడా మాసూమ్ కాదు. 2018 అక్టోబర్ 2న విండోస్ 10కు ఒక పెద్ద అప్‌డేట్ విడుదలైంది, 1809 అని దాని నంబర్. రెండు మూడు రోజుల్లోనే జనం గగ్గోలు పెట్టారు, మా డాక్యుమెంట్లు, ఫోటోలు పోయాయి అని. మైక్రోసాఫ్ట్ దాన్ని ఆపేసి సబబ్ వెతికింది. సీ డ్రైవ్‌లో జగా చాలక కొందరు తమ డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లను డీ డ్రైవ్‌కు మళ్లించుకున్నారు. మళ్లించాక పాత చోట అదే పేరుతో ఖాళీ ఫోల్డర్లు అనవసరంగా కనపడుతున్నాయని అంతకుముందు ఫిర్యాదులున్నాయి. ఆ ఖాళీ ఫోల్డర్లు తీసేయడానికి కొత్త కోడ్ రాశారు. కానీ కొందరి పాత ఫోల్డర్లు ఖాళీగా లేవు, కొన్ని ఫైళ్లు అక్కడే మిగిలి ఉన్నాయి. కోడ్ వాటితో సహా ఊడ్చేసింది. బాధితులు పదివేలలో ఒక్కరే అని కంపెనీ లెక్క చెప్పింది. ఆ ఒక్కరి ఇంట్లో పోయింది మాత్రం మొత్తం. సరిచేసిన అప్‌డేట్ నవంబర్ 13న మళ్లీ వచ్చింది. చూడండి, ఇది వైరస్ పని కాదు, దొంగ పని కాదు. ఖాళీ అనుకుని చేసిన సఫాయి.

అదే అప్‌డేట్‌లో ఇంకో మార్పు చప్పుడు లేకుండా వచ్చింది. డిస్క్ క్లీనప్ జాబితాలో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ కూడా చేరింది. ఏళ్ల తరబడి అన్ని టిక్‌లూ పెట్టి ఓకే కొట్టడం అలవాటైనవాళ్లు అన్నీ టిక్ పెట్టేశారు. కానీ మన ఇళ్లల్లో డౌన్‌లోడ్స్ అంటే ఏమిటి? ఆధార్, మార్కుల మెమోలు, వీసా కాపీ, గల్ఫ్ నుంచి భాయి పంపిన ఎక్స్‌పీరియెన్స్ లెటర్, ఆస్పత్రి రిపోర్టులు, అన్నీ దిగిన చోటే పడి ఉంటాయి. 2020లో వచ్చిన వెర్షన్ నుంచి డిస్క్ క్లీనప్‌లో ఆ టిక్ తీసేశారు. ఇప్పటి సెట్టింగ్స్‌లో టెంపరరీ ఫైల్స్ అనే జాబితాలో మాత్రం డౌన్‌లోడ్స్ ఇంకా కనపడుతుంది. దాని పక్కన టిక్ పెట్టకండి.

ఇక్కడ మన హైదరాబాద్ ముచ్చట ఒకటి చెప్పకుండా ముందుకు పోలేను. తార్నాకలో ఉన్న తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబ్ కాలపు ఫార్సీ కాగజాత్ ఉన్నాయి. వాటిలో అర్జ్-ఒ-చెహ్‌రా అనే రకం కాగితాలు ఉన్నాయి. సిపాయి హాజరీ తీసుకునేటప్పుడు అతని మొహం పోలికలు, అతని గుర్రం రంగు, గుర్తులు రాసుకున్న చీటీలు అవి. ఒకరి బదులు ఇంకొకరు వచ్చి తన్ఖా తీసుకోకుండా. రాసిన మున్షీ దృష్టిలో అవి ఆ హాజరీ వరకే పనికొచ్చే కాగితాలు, ఇవాళ్టి మాటలో టెంపరరీ ఫైళ్లు. మూడున్నర శతాబ్దాల తర్వాత దక్కన్‌లో తిరిగిన మామూలు సిపాయిలు ఎలా ఉండేవారో చెప్పేవి అవే. బాద్‌షాల గురించి రాయడానికి దర్బారీ తారీఖ్‌లున్నాయి, సిపాయికి ఆ చీటీ ఒక్కటే ఉంది. మన కుటుంబాలూ అంతే. మన గురించి పుస్తకాలు తక్కువ. మన డిస్క్‌లో ఉన్నదే మన తారీఖ్.

సరే, ఇక పని. ఇంటి కంప్యూటర్‌లో జగా ఖాళీ చేయాలంటే నేను పాటించే తర్తీబ్ ఇది. ఈ ఖిస్సాల నుంచే వచ్చింది.

ముందు డిలీట్ కాదు, నకలు. అమానత్ అనిపించిన ప్రతిదీ ఒక బయటి హార్డ్ డిస్క్ మీదికి కాపీ చేయండి. ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన ఒక హిసాబ్ ఉంది, 3-2-1 అని. మూడు ప్రతులు, రెండు రకాల సామాను మీద, ఒకటి వేరే చోట. కంప్యూటర్‌లో ఒకటి, బయటి డిస్క్‌లో ఒకటి, పెళ్లయి వేరే ఊళ్లో ఉన్న ఆపా ఇంట్లో ఇంకో డిస్క్. కాపీ అయ్యాక అక్కడక్కడ పది ఫైళ్లు తెరిచి చూడండి. ఫోటో కనపడాలి, ఆడియో వినపడాలి. పిక్సార్ వాళ్ల బ్యాకప్ గుర్తుందిగా.

రెండో పని, జగా ఎవరు తిన్నారో చూడటం. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్ తెరిస్తే ఏ రకం సామాను ఎంత పట్టిందో చూపిస్తుంది. కొత్త డిస్క్ కొంటే 1 టెరాబైట్ అని డబ్బా మీద ఉండి, లోపల 931 జీబీ అని కనపడుతుంది. దుకాణ్‌దార్‌తో ఝగ్‌డా వద్దు. డబ్బా మీద వెయ్యి చొప్పున లెక్క, విండోస్ 1,024 చొప్పున లెక్క. రెండు లెక్కలకు వేర్వేరు పేర్లు 1998లోనే పెట్టారు, విండోస్ వాటిని వాడదు, అంతే.

మూడో పని, పెద్దవాటిని చేత్తో చూడటం. వీడియోలు, పాత సినిమాలు, రెండు మూడు సార్లు దిగిన ఒకే ఫైల్. ఫోల్డర్‌ను సైజు వరుసలో పెడితే పైన పది ఫైళ్లలోనే సగం పని అయిపోతుంది. ఒకే ఫోటో రెండు చోట్ల ఉంటే జాగ్రత్త. వాట్సాప్‌లో ఫోటోగా వచ్చింది చిన్నది చేసిన నకలు, తీసిన తేదీ కూడా అందులోంచి పోతుంది. పెద్ద సైజున్నది ఉంచండి. వాడని ఆటలు, ప్రోగ్రాంలు ఉంటే యాప్స్ జాబితాలో అన్‌ఇన్‌స్టాల్ చేయండి, ఫోల్డర్ డిలీట్ చేయకండి.

నాలుగో పని, విండోస్ సొంత సఫాయి. టెంపరరీ ఫైల్స్ జాబితాలో ఒక్కో వరుస చదివి టిక్ పెట్టండి. తాత్కాలిక ఫైళ్లు, అప్‌డేట్ల పాత ముక్కలు తీయొచ్చు. విండోస్ కొత్త వెర్షన్ వేసుకున్నాక మిగిలే పాత విండోస్ చాలా జగా తింటుంది. అది 10 రోజులకు తనంతట తానే పోతుంది. అది ఉన్నంతవరకే పాతదానికి వెనక్కి వెళ్లగలం, కాబట్టి అన్నీ సరిగ్గా నడుస్తున్నాయని తసల్లీ అయ్యాకే తీయండి. హైబర్నేషన్ ఆపితే కొన్ని జీబీలు మిగులుతాయని చెప్తుంటారు. బల్ల మీది కంప్యూటర్‌లో సరే. లాప్‌టాప్‌లో బ్యాటరీ అయిపోయేటప్పుడు తెరిచి ఉన్న పనిని కాపాడేది అదే. కరెంట్ పోయే ఊళ్లల్లో ఉన్నవాళ్లు దాన్ని ఉంచుకోవడమే మేలు.

అయిదో పని, సబ్ర్. తీసినవాటిని రీసైకిల్ బిన్‌లో వారం ఉంచండి. ఇంట్లో అందరికీ చెప్పండి, ఏదైనా కనపడకపోతే అడగమని. ఇంటి కంప్యూటర్ ఒక్కరిది కాదు. చెల్లెలి ప్రాజెక్ట్, అమ్మీ చూసే తరావీహ్ వీడియో, అబ్బా పెన్షన్ కాగితం, అన్నీ ఒకే కప్పు కింద ఉంటాయి. వారం గడిచాకే బుట్ట ఖాళీ చేయండి.

క్లౌడ్ గురించి ఒక్క మాట. కంప్యూటర్‌లోని ఫోల్డర్ ఆన్‌లైన్ ఖాతాతో సింక్ అవుతుంటే, ఇక్కడ డిలీట్ చేసింది అక్కడా డిలీట్ అవుతుంది. అది రెండో ప్రతి కాదు, అద్దంలో ప్రతిబింబం. వన్‌డ్రైవ్‌లో ఫైల్ మీద కుడి క్లిక్ చేస్తే ఫ్రీ అప్ స్పేస్ అని ఉంటుంది. అది ఇక్కడి జగా ఖాళీ చేసి అక్కడి ఫైల్ ఉంచుతుంది. డిలీట్‌కూ దానికీ ఫరఖ్ తెలుసుకుని నొక్కండి. గూగుల్ ఫోటోస్ ఎప్పటికీ ముఫ్త్ అనుకున్నవాళ్లకు 2021 జూన్ 1 నుంచి కొత్తగా ఎక్కించేవన్నీ 15 జీబీల లెక్కలోకే వస్తున్నాయి. ఒకరి మెహెర్‌బానీ మీద మొత్తం ఖాందాన్ యాద్‌లను ఆనించకూడదు.

చివరిది, పాత డిస్క్ అమ్మేటప్పుడు. ఇక్కడ ఖత్రా ఉల్టా. ఇంతసేపూ పోకూడనిది పోతుందని భయం, ఇక్కడ పోవాల్సింది పోదని భయం. సింసన్ గార్ఫింకెల్, అభి షెలాట్ అనే ఇద్దరు పరిశోధకులు 2000 నుంచి 2002 మధ్య 158 పాత డిస్క్‌లు కొని చూశారు. పనిచేసిన 129లో పూర్తిగా తుడిచి అమ్మినవి 12 మాత్రమే. మిగతావాటి మీద జనం ఖత్‌లు, ఆస్పత్రి సంగతులు, కార్డు నంబర్లు. క్విక్ ఫార్మాట్ ఫెహ్‌రిస్త్‌నే మారుస్తుంది, గదుల్లోకి పోదు. మన ఆడపిల్లల ఫోటోలు, ఇంటి కాగజాత్ ఉన్న డిస్క్‌ను అట్లా కబాడీకి ఇవ్వకండి. తిరిగే డిస్క్ అయితే క్విక్ అనే టిక్ తీసి పూర్తి ఫార్మాట్ చేయండి. విస్టా నుంచి అది మొత్తం మీద సున్నాలు రాస్తుంది. కంప్యూటర్ మొత్తం అమ్ముతుంటే రీసెట్‌లో అన్నీ తీసేయమని, డేటా కూడా శుభ్రం చేయమని ఎంచుకోండి. సమయం పడుతుంది, పడనివ్వండి.

ఒక విన్నపం ఉంది, ముఖ్యంగా రాసే, ప్రెస్ నడిపే, కార్డులు కంపోజ్ చేసే ఖాందాన్లకు. మన అబ్బాల, మామూల డిస్క్‌లలో ఇన్‌పేజ్ ఫైళ్లున్నాయి. ఢిల్లీలో పుట్టి 1994 నుంచి ఉర్దూ కంపోజింగ్‌ను మార్చేసిన ప్రోగ్రాం అది. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో చేసిన తెలుగు ఫైళ్లున్నాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001లోది. ఈ ఫైళ్లను ఇప్పటి కంప్యూటర్ గుర్తుపట్టదు, తెల్ల కాగితం బొమ్మ చూపించి ఏ ప్రోగ్రాంతో తెరవమంటావని అడుగుతుంది. పాత కథలు, గజళ్లు, మస్జిద్ కమిటీ హిసాబ్‌లు, అచ్చు కాకుండా మిగిలిన నవలలు అందులో ఉండొచ్చు. సైజు చూస్తే కొన్ని కేబీలే. వాటిని తీసేస్తే మిగిలే జగా ఏమీ ఉండదు, పోయేది మాత్రం మళ్లీ ఎవరూ రాయలేరు. అలాంటివి కనపడితే ముందు అన్నీ ఒక ఫోల్డర్‌లో చేర్చండి. ఆ ఫాంట్లు, ఆ ప్రోగ్రాంలు ఉన్న పాత కంప్యూటర్ ఇంకా లేస్తుంటే, దాన్ని అమ్మేలోపు ఒక్కో ఫైల్ తెరిచి పీడీఎఫ్ చేసి పెట్టండి. వీలైతే యూనికోడ్‌లోకి మార్చించండి. ఫోల్డర్‌కు రాసినవాళ్ల పేరు, సంవత్సరం పెట్టండి. ఆ పని అయ్యాక డిలీట్ సంగతి చూద్దాం.